అనుభవం రాయవలసిన గడి

తొండియార్‌పేటలో ఏకాంబరం శెట్టి ఇల్లు రెండంతస్తులు. పైన కాపురం, కింద గోడౌన్. ఎండుమిరప, ధనియాలు, పసుపు కొమ్ముల బస్తాలు కప్పును తాకేట్టు ఉండేవి. అంగడి మాత్రం గోవిందప్ప నాయకన్ వీధిలో. పొద్దున ఏకాంబరం, ఆయన పెద్దకొడుకు వెంకట్రామ్ అంగడికి వెళ్ళిపోతే ఇంట్లో మిగిలేది పెద్దకోడలు వాసవాంబ.

ఆమె గోడౌన్‌లోకి దిగడం ఎవరూ అనుకుని చేసిన ఏర్పాటు కాదు. సరుకు చూసుకునే మనిషి ఊరికి పోయి తిరిగి రాలేదు. అదే సమయంలో ఏకాంబరానికి కంటి ఆపరేషన్ అయింది. రెండు దినాలు కొంచెం చూసుకోమ్మా అన్నాడాయన. పి.యు.సి. చదివిన కోడలు, లెక్కలు వచ్చు, ఇంకేం కావాలి. ఆ రెండు దినాలు పదకొండేళ్ళు సాగాయి.

వీధి మలుపులో లారీ హారన్ వినబడితే ఆమె పొయ్యి తగ్గించి కిందికి దిగేది. బస్తాలు తూకం వేయించడం, మూతి విప్పి మోచేతిదాకా చేయి దూర్చి తేమ చూడడం, తడిసిన సరుకు పక్కన పెట్టించి పంపినవాళ్ళతో ఫోనులో పోట్లాడడం, పాతది ముందు పోయేట్టు వరసలు వేయించడం, అంగడి నుంచి చీటీ వస్తే బండికెత్తించడం, అన్నీ ఆమే. కూతురు ప్రణతి చంటిపిల్లగా ఉన్నప్పుడు పైనుంచి ఏడుపు వినబడినా వెంటనే ఎత్తుకోవడానికి వీల్లేదు. చేతులకు కొబ్బరినూనె పట్టించి, శనగపిండితో రుద్ది కడుక్కోవాలి. లేకపోతే మిరప ఘాటు పిల్లకు అంటుతుంది. ఏడుపు వింటూ చేతులు రుద్దుకోవడం ఆమెకు బాగా గుర్తు.

తొంభై నాలుగులో మరిది శ్రీకుమార్ చదువు ముగించి అంగడిలో కూర్చున్నాడు. తెలివైనవాడే. ఈ సందులో లారీలు తిరగడం కష్టంగా ఉందని మాధవరం దాటాక పెద్ద గోడౌన్ బాడుగకు పట్టాడు. దానికి జీతమిచ్చి మేనేజరును పెట్టాడు. ఇక మీరు రెస్టు తీసుకోండి వదినా అని ప్రేమగానే అన్నాడు. ఇంటి కింది భాగం చొక్కాలు కుట్టే కంపెనీకి బాడుగకు పోయింది.

రెస్టు ఎట్లా తీసుకోవాలో వాసవాంబకు తెలియలేదు. కింద కుట్టుమిషన్లు గడగడలాడుతుంటే మధ్యాహ్నాలు పేపరు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివేది. అట్లా చదువుతుండగా ఆ ప్రకటన కంటపడింది. మాధవరంలో మసాలా పొడులు చేసే కొత్త కంపెనీకి స్టోర్స్ అసిస్టెంటు కావాలట. ఎండుమిరప, పసుపు సరుకులో అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యమట. వయసు ముప్పై ఎనిమిది దాటకూడదు. ఆమెకు ముప్పై అయిదు. తన పని గురించే ఎవరో పేపర్లో వేసినట్టు అనిపించింది. స్టాంపు అంటించిన కవరు పంపితే కంపెనీవాళ్ళు నాలుగు పేజీల ఫారం పంపారు, అంతా ఇంగ్లీషులో.

తలనొప్పి అక్కడ మొదలైంది.

వెంకట్రామ్ వద్దనలేదు. వద్దని ఉంటే పోట్లాడడానికైనా వీలుండేది. ఆయన ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, వృత్తి అన్నచోట హౌస్‌వైఫ్ అనీ, అనుభవం అన్నచోట నిల్ అనీ రాసి పంపమన్నాడు. అయిదు నిమిషాల పనికి ఇంత ఆలోచన ఎందుకన్నాడు.

"పదకొండేండ్లు కింద నేను చేసింది ఏంది మరి?"

"అది మనింట్లో పనే కదా. దాన్ని ఆడ రాస్తారా?"

ఆయన మాటలో వెటకారం లేదు. నిజంగానే ఆయనకు అట్లా తోచింది. అందుకే ఆమెకు మరీ ఒళ్ళు మండింది. ఎదురుగా కూర్చున్న మనిషి తాను తప్పేమీ అనలేదని నమ్ముతున్నప్పుడు కోపం ఎవరి మీద పడాలి?

ఆ కోపంలోనే పెన్ను తీసుకుని నింపడం మొదలుపెట్టింది. మొదటి గడిలోనే చిక్కు వచ్చింది. రేషన్ కార్డులో ఆమె పేరు వి. వాసవాంబ. వి అంటే వెంకట్రామ్. స్కూలు సర్టిఫికెట్లో ఎస్. వాసవాంబాళ్. ఎస్ అంటే తండ్రి పేరు. ఆ చివరి 'ళ్' ఎవరో తమిళ అయ్యవారు తన అలవాటు కొద్దీ తగిలించింది. ముందు వి అని రాసి, కొట్టేసి, పైన ఎస్ పెట్టింది. చిరునామా గడిలో పట్టక అంచు మీదికి ఎక్కింది. తప్పు దిద్దబోతే సిరా పాకింది. అయిదో తరగతి చదువుతున్న ప్రణతి వెనకనుంచి తొంగిచూసి, తమిళం కలిపి అంది.

"ఎన్న మా ఇది? మా మిస్ అయితే చించేస్తుంది."

వాసవాంబ ఆ కాగితం తీసుకుని ఎదురింటికి వెళ్ళింది.

ఎదురింట్లో ఉండేది ఆరోగ్యసామి. హార్బర్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరైనవాడు. ఉద్యోగాల దరఖాస్తులు కట్టలుకట్టలుగా చూసినవాడని వీధిలో పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడం ఆయనకు చాలా ఇష్టం. ఫారం చూడకముందే అద్దాలు తుడుచుకుని, తన కాలంలో ఒక దరఖాస్తు ఎట్లా ఉండేదో తమిళంలో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఆ తర్వాత కాగితం చూసి, దీన్ని చదవకముందే బుట్టలో వేస్తారమ్మా అన్నాడు. మళ్ళీ కవరు పంపి ఇంకో ఫారం తెప్పించుకోమన్నాడు. అది వచ్చాక దాని మీద పెన్ను పెట్టకుండా ముందు జెరాక్స్ తీయించి, జెరాక్స్ మీద నింపి చూసుకోమన్నాడు. రాయడానికి ముందు నాలుగు పేజీలూ చివరిదాకా చదవమన్నాడు.

ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఆమె విసుక్కుంది. ముందే ఎవరినీ అడగలేదు కదా అన్నాడాయన. అది నిజమే కాబట్టి విసుగు ఇంకా ఎక్కువైంది.

రెండో ఫారం వచ్చేసరికి ఆఖరు తేదీ దగ్గరపడింది. ఆమె జెరాక్స్ ప్రతి పట్టుకుని ఆరోగ్యసామి వరండాలో కూర్చుంది. పేరు సంగతి ఆయన తేలిగ్గానే తేల్చాడు. సర్టిఫికెట్లో ఎట్లా ఉంటే ఫారంలో అట్లాగే రాయాలి, రెండు పేర్లూ ఒకరివేనని చివర ఒక వాక్యం చేర్చాలి. ఏ గడీ ఖాళీగా వదలకూడదు, నీకు సంబంధం లేనిదైతే సంబంధం లేదని రాయాలి. ఖాళీ గడి చూస్తే రాసినవాడు మరిచిపోయాడో, దాచాడో తెలియక చూసేవాడికి చిరాకు వస్తుందట.

అసలు గండం మూడో పేజీలో ఉంది. పూర్వానుభవం రాయడానికి అక్కడ మూడు గీతలు. వాసవాంబ అక్కడ 'మామగారి వ్యాపారంలో సాయం చేశాను' అని రాసుకొచ్చింది. ఆరోగ్యసామి దాన్ని పెన్సిలుతో అడ్డంగా కొట్టేశాడు.

"సాయమేమిటమ్మా? హార్బర్‌లో క్రేను ఓడకు సాయం చేసిందని రాస్తామా? ఎంత బరువు ఎత్తిందో రాస్తాం. పొద్దున లేచి కింద ఏం చేసేదానివో అది చెప్పు."

అంత తెలిసిన విషయాన్ని చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాల్సి వచ్చినందుకు ఆమెకు ప్రాణం విసిగింది. పదేళ్ళుగా ఈ వరండాలో కూర్చుని లారీలు తన గేటుకు అడ్డంగా నిలబెడుతున్నారని తగాదా పడ్డ మనిషికి తను ఏం చేసేదో తెలియదా? అయినా చెప్పింది. లారీ రావడం దగ్గర మొదలుపెట్టి చెప్పుకుంటూ పోయింది. ఆయన రాసుకుంటూ పోయాడు. ఫుల్‌స్కేప్ కాగితం రెండు వైపులా నిండింది. ఆయన అది ఆమె చేతిలో పెట్టి, ఇప్పుడు దీన్ని మూడు గీతల్లో పట్టించు అన్నాడు.

ఆమె అది మొదటినుంచి చదివింది. తను చేసిన పనంతా ఒకచోట రాసి ఉండగా చదవడం ఆమెకు అదే మొదటిసారి. తర్వాత పెన్సిలు తీసుకుని కొట్టేయడం మొదలుపెట్టింది. వంటింటికీ గోడౌనుకూ మధ్య ఎన్నిసార్లు మెట్లెక్కిందో కొట్టేసింది. కూలీలతో తగాదాలు కొట్టేసింది. చివరికి మిగిలింది ఇది: టోకు మిరప, ధనియాలు, పసుపు గోడౌన్ బాధ్యత, 1983 నుంచి 1994. సరుకు తూకం, తేమ, నాణ్యత చూసి దించుకోవడం, బాగాలేనిది తిప్పి పంపడం. పాత సరుకు ముందు కదిలేట్టు నిల్వలు చూడడం, రోజువారీ లెక్క రాయడం.

ఆ గడి కిందే ఇంకొక గడి ఉంది. ఆఖరుగా తీసుకున్న జీతం. కుటుంబ వ్యాపారం, జీతం లేదు అని రాయించాడు ఆరోగ్యసామి. ఆ నాలుగు మాటలు రాస్తున్నప్పుడు ఆమె చేయి గట్టిగా నొక్కడంతో జెరాక్స్ కాగితం చిరిగింది.

అనుభవం ఉందని రాస్తే దానికి సర్టిఫికెట్ జతచేయాలి. ఆదివారం భోజనాలు అవుతుండగా ఆమె మామగారిని అడిగింది. శ్రీకుమార్, వెంకట్రామ్ ఇద్దరూ పక్కనే ఉన్నారు.

"మామా, గోడౌన్ నేను చూసుకున్నానని అంగడి లెటర్‌హెడ్‌లో రెండు వరసలు రాసియ్యండి."

ఏకాంబరం నవ్వాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ కోరిక ఆయనకు నిజంగా వింతగా ఉంది. "ఇంటి కోడలికి ఎవురన్నా సర్టిఫికెట్టు ఇస్తారామ్మా? నలుగురు వింటే నిన్ను కూలికి పెట్టుకున్నామనుకుంటారు."

కూలికి పెట్టుకుని ఉంటే ఈపాటికి సర్టిఫికెట్ వచ్చి ఉండేదని నోటిదాకా వచ్చింది. ఆమె మింగేసింది. అప్పుడు శ్రీకుమార్ కలగజేసుకున్నాడు. ఊరికే అట్లా రాసివ్వడం మంచిది కాదనీ, ఆడిటరును ఒక మాట అడగాలనీ, కాగితం మీద పెట్టాక అది ఎప్పటికీ నిలిచిపోతుందనీ, రేపు ఏదైనా వస్తే చిక్కనీ చాలా మర్యాదగా చెప్పాడు. రేపు ఏం వస్తుందో ఆమెకు మొదట అర్థం కాలేదు. అతను తన వైపు చూడకుండా కంచంలోకి చూసి మాట్లాడుతున్నాడు. అప్పుడు అర్థమైంది. ఎప్పుడైనా అన్నదమ్ములు వేరుపడితే, వ్యాపారంలో తన భార్య కష్టం కూడా ఉందని వెంకట్రామ్ ఆ కాగితం చూపిస్తాడేమోనని అతని భయం.

"నాకు వాటా కావాలని ఎవురు చెప్పినారు శ్రీకుమార్? నేను పని చేసినానని చెప్పమంటా ఉండాను. అంతే."

వెంకట్రామ్ మజ్జిగ పోయమన్నాడు. ఆమె మజ్జిగ గిన్నె ఆయన ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఏకాంబరం తనంతట తానే పిలిచి ఒక కవరు ఇచ్చాడు. లెటర్‌హెడ్ మీద చక్కగా టైపు చేయించిన ఉత్తరం. వాసవాంబ గౌరవమైన కుటుంబానికి చెందినదనీ, వినయవిధేయతలు గలదనీ, సత్ప్రవర్తన కలదనీ, ఆమెను పదహారేళ్ళుగా ఎరుగుదుననీ అందులో ఉంది. గోడౌన్ మాట ఎక్కడా లేదు. తను చేయగలిగింది చేశానన్న తృప్తితో ఆయన నిలబడి ఉన్నాడు. ఆమె అట్లాగే మామా అని తీసుకుంది. వంటింట్లోకి పోయి మళ్ళీ చదివితే నవ్వు వచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆరోగ్యసామి అది చూసి, దీన్ని జతచేస్తే పెళ్ళి సంబంధానికి పంపిందనుకుంటారని చెప్పి పక్కన పెట్టాడు.

మిగిలింది చివరి పేజీ. పని ఎరిగినవారు, బంధువులు కానివారు ఇద్దరి పేర్లు రాయాలి. తనకు ఇంటి బయట ఎవరూ తెలియరని ఆమె అనుకుంది. రెండు రోజులు అదే పట్టుకుని కూర్చుంది. తర్వాత గూడూరు మునికృష్ణ గుర్తొచ్చాడు. ఆయన మిరపకాయ వ్యాపారి. ఏటా లారీలు పంపేవాడు. మనిషిని చూసింది తక్కువ, ఫోనులో తగాదా పడింది ఎక్కువ. ఇంటి ఫోను వాడకుండా వీధి చివరి ఎస్‌టీడీ బూతుకు పోయి మాట్లాడింది. విషయం చెప్పి, రాయడం కుదరకపోతే పర్వాలేదని కూడా తనే అంది.

"నన్ను అంతగా ఏడిపించినామె నువ్వేగదమ్మా," అన్నాడు మునికృష్ణ. "రాయకపోతే ఎట్ట? చిరునామా చెప్పు."

నాలుగు రోజుల్లో ఉత్తరం వచ్చింది. ఈమెతో ఎన్నో ఏళ్ళు వ్యాపారం చేశానని, రెండుసార్లు తన లారీని దించుకోకుండానే తిప్పి పంపిందని, ఆ రెండుసార్లూ తడి సరుకు పంపిన తప్పు తనదేనని, మంచి సరుకు పంపినప్పుడు ఒక్క బస్తా మీద కూడా అనవసరంగా వంక పెట్టలేదని రాశాడు. చదివి ఆరోగ్యసామి అద్దాలు తీసేశాడు. ఇట్లాంటి రెఫరెన్సు తన సర్వీసులో చూడలేదన్నాడు. రెండో పేరుగా తన పేరే రాయమన్నాడు. పని ఎరిగినవారు అని ఉంది కదా అని వాసవాంబ అనుమానపడితే, పదేళ్ళుగా నా గేటు ముందు జరిగిందంతా నేను చూడలేదా అన్నాడు.

ఇక సర్టిఫికెట్ల నకళ్ళకు గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ సిరా సంతకం కావాలి. మొదట పోయిన గవర్నమెంటు డాక్టరు, వాసవాంబా వాసవాంబాళా ముందు అది తేల్చుకుని రమ్మన్నాడు. రెండోచోట ఆఫీసరు సెలవు. మూడోచోట సంతకం దొరికింది గాని, ముద్ర తలకిందులుగా పడింది. ఆమె దాన్ని అట్లాగే పెట్టేసింది. ఇంక ఒక్క మనిషిని కూడా బతిమాలే ఓపిక లేదు.

పోస్టు మీద నమ్మకం లేక తనే బస్సెక్కి మాధవరం వెళ్ళింది. గేటు దగ్గర వాచ్‌మన్ డబ్బాలో వేసిపొమ్మన్నాడు. ముట్టినట్టు ముద్ర కావాలంది. అట్లాంటి అలవాటు లేదన్నాడు. అలవాటు అయ్యేదాకా నిలబడతానని ఆమె ఎండలో నిలబడింది. చివరికి లోపలినుంచి ఒకమ్మాయి వచ్చి, నింపిన ఫారం జెరాక్స్ ప్రతి మీద ముద్ర కొట్టి ఇచ్చింది.

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఇద్దరు కూర్చున్నారు, ఒకాయన కొనుగోళ్ళు చూసే మేనేజరు, ఇంకొకాయన ఆఫీసు వ్యవహారాలు చూసేవాడు. మేనేజరు ముందు ఆమె ఫారమే ఉంది. మూడు గీతలు చదివి, అనుభవం సర్టిఫికెట్ ఎందుకు లేదని అడిగాడు. ఆమె ఇంటి దగ్గర చాలా జవాబులు అల్లుకుంది. అవేవీ రాలేదు.

"అడిగాను సార్. ఇవ్వలేదు. ఇంటి కోడలు చేసింది పని అని వాళ్ళకు తోచలేదు."

ఆయన తల ఎత్తి చూసి, పేజీ తిప్పాడు. మునికృష్ణ ఉత్తరం దగ్గర ఆగి, ఆ తిప్పి పంపిన లారీల సంగతి చెప్పమన్నాడు. చెప్పింది. ఇక్కడికీ ఆయన సరుకే వస్తుందని మేనేజరు కొంచెం నవ్వాడు. అప్పుడు రెండో ఆయన అందుకుని, ఇంట్లో మామగారు, ఆడపిల్ల ఉన్నారు కదా, మీవారికి ఇష్టమేనా, రోజూ రాగలరా అని మొదలుపెట్టాడు.

నెల రోజుల విసుగంతా ఆమె మాటలోకి వచ్చింది. "ఆ ప్రశ్న ఫారంలో లేదు సార్. ఉండుంటే దానికీ జవాబు రాసుండేదాన్ని."

అన్నాక, అంతా చెడగొట్టుకున్నానని బస్సులో దారి పొడుగునా తనను తాను తిట్టుకుంది. ఇంటికొచ్చి ఏమైందని అడిగినవాళ్ళకు ఏమీ కాలేదంది. కానీ ఉద్యోగం వచ్చింది. ఆరు నెలలు తాత్కాలికం, తర్వాత చూస్తామని ఆర్డరులో ఉంది. వెంకట్రామ్ దాన్ని రెండుసార్లు చదివి, నిజంగానే ఇచ్చినారే అన్నాడు. ఆయన సంతోషించాడో ఆశ్చర్యపోయాడో ఆమెకు తెలియలేదు. అడిగే ఓపికా లేదు. శ్రీకుమార్ అభినందనలు వదినా అని చెప్పి, మాధవరం దాకా రోజూ కష్టం కదా అన్నాడు. ఏకాంబరం మాత్రం చాలా రోజులు ఆ ఊసు ఎత్తలేదు.

రెండు బస్సులు మారి పోవడం, పొద్దున్నే అందరికీ అన్నం డబ్బాలు కట్టడం, ప్రణతికి పరీక్షలప్పుడు దగ్గర కూర్చోలేకపోవడం, అన్నీ కష్టంగానే ఉన్నాయి. కంపెనీలో హమాలీలు మొదటి వారం ఆమె మాట వినలేదు. ఆ తర్వాత విన్నారు. ఆరు నెలలు దాటాక ఉద్యోగం ఖాయం చేశారు.

ఆ సంవత్సరం మిరప సీజన్లో ఒక సాయంత్రం ఆమె బస్సు దిగి వచ్చేసరికి ఏకాంబరం వరండాలో కూర్చుని ఉన్నాడు. చెప్పులు విప్పుతుంటే అడిగాడు.

"మీ కంపెనీ గుంటూరు కాయ ఎంతకు కొంటా ఉండాదమ్మా?"

వాసవాంబ రెండో చెప్పు కూడా విప్పింది. "అది బయట చెప్పకూడదు మామా."

"ఇన్నేండ్లలో మన అంగడి ధర నువ్వు యాడన్నా చెప్పినావా?"

"లేదు."

"సరే అయితే. చెప్పబాక."

ఇంక లోపలికి పోవచ్చునని ఆమె అడుగు వేసింది. ఆయన మళ్ళీ పిలిచి, తేమ చూడడానికి అక్కడ మిషను ఉందంటారే, అది ఎట్లా పనిచేస్తుందని అడిగాడు. సరుకు ఎక్కడ వేస్తారో, ముల్లు ఎటు తిరుగుతుందో ఆమె చేత్తో చూపిస్తూ చెప్పింది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. లోపలినుంచి వెంకట్రామ్ కాఫీ సంగతి ఏమైందని రెండుసార్లు అడిగాడు. మామాకోడళ్ళు మిషను గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు.